సాఫు చేసిన గీత

"ఇది ఏ షామియానాది? మిగతా ముక్క ఏది?"

పర్శరాములు తల ఎత్తకుండానే అడిగాడు. మిషను బల్ల మీద ఎవరో పరిచిన తెల్లగుడ్డ మూడు మూలలది. ఏ షామియానాకూ మూడు మూలలుండవు. ఆ సంగతి అతనికి తట్టలేదు.

"మిగతాది లేదు. గింతే ఉంటది."

"గింతేనా? కింద పట్టుమని పదిమంది కూసోరు."

"కింద ఎవ్వరు కూసోరు. నీళ్లుంటయి."

అప్పుడు తల ఎత్తాడు. ఎండకు కమిలిన ముఖం. తడి ఆరని జడ. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, నీళ్లు కారుతున్న కాళ్లతో నిలబడిన పిల్ల. బయట వాన లేదు.

"డ్యాంల పడ్డవా?" అన్నాడు.

"పడలే. దిగిన. గిది పడవ తెరచాప. మెయిన్ సెయిల్ అంటరు. నువ్వు టైలర్‌వేనా, లేక టైలర్ వచ్చేదాక ముచ్చట పెట్టేటోనివా?"

లోపల కత్తెర ఆగింది. పర్శరాములు తండ్రి లచ్చయ్య ఒక్కసారి గొంతు సవరించుకున్నాడు. ఆ ఇంట్లో నవ్వు అంటే అంతే.

ఆషాఢం. పెళ్లిళ్లు లేవు. కరీంనగర్‌లో షామియానాలు కుట్టేవాళ్లకు ఆ నెల గోళ్లు గిల్లుకునే నెల. లేకపోతే పర్శరాములు ఆ పిల్లను అంతసేపు నిలబెట్టి మాట్లాడేవాడు కాదేమో. లేక మాట్లాడేవాడేమో. అతను అబద్ధాలాడే మనిషి కాదు కాబట్టి, తరువాత అడిగితే రెండోదే నిజమన్నాడు.

పిల్ల పేరు వందన. ఊరు ఆదిలాబాద్. హైదరాబాద్‌లో చదివేటప్పుడు ఎన్‌సీసీలో పడవ నడపడం నేర్చుకుంది. మోటారు పడవ కాదు, గాలితో నడిచేది. నేర్పిన నర్మద మేడం తన పాత పడవ ఒకటిచ్చి, మానేరు డ్యాం మీద ఆడపిల్లలకు నేర్పమని పంపింది. పదిమంది పిల్లలు చేరారు. అందరికీ ఈత వచ్చాక తెరచాప చినిగిపోయింది.

"అతుకెయ్యొచ్చు కదా," అన్నాడు పర్శరాములు.

వందన గుడ్డ మీద వేలు పెట్టి నొక్కింది. వేలు అవతలికి వచ్చింది.

"ఎండకు మాడిపోయింది. అతుకేసిన కాడ తప్ప అంతట చినుగుతది. కొత్తది కావాలె. చెన్నైల కుట్టిస్తే నలభై దినాలంటున్నరు. వచ్చే నెల రెండో ఆదివారం నర్మద మేడం చూడనీకె వస్తది. పడవ నడిస్తే ఈడనే ఉంటది. నడవకపోతే పడవను తీసుకపోతది."

"మరి నువ్వు?"

"పడవ లేనిది నేనేం చేస్త? ఆదిలాబాద్ పోత. మా కాక పత్తి మిల్లుల కూసుంట."

పర్శరాములుకు పత్తి మిల్లు మీద ఎన్నడూ లేని కోపం వచ్చింది.

"కుడత," అన్నాడు.

"ఎన్నడన్న కుట్టినవా?"

"లే. నువ్వు ఎన్నడన్న కుట్టించినవా?"

"లే."

"మరింక ఫికరేంది? ఇద్దరం సమానం."

*

గుడ్డ ఎంచడానికే నాలుగు రోజులు పట్టింది.

దుకాణంలో ఉన్నవన్నీ అతను ముందేశాడు. టార్పాలిన్ బరువని ఆమె పక్కకు తోసింది. షామియానా గుడ్డను నోటికి అడ్డం పెట్టుకుని ఊదింది. అవతల అతని ముంగురులు కదిలాయి.

"చూసినవా? గాలి ఇట్ల జారిపోతే పడవేం పోతది?"

"ఇంకోసారి ఊదు. సరిగ్గ చూడలే."

"ముచ్చట్లు బంద్ చెయ్."

చెన్నై నుంచి తెప్పించిన నమూనా ముక్కలు మూడు ఆమె సంచిలో ఉన్నాయి. అసలైన తెరచాప గుడ్డ. ముట్టుకుంటే కొత్త నోటులా గరగరమంది. పర్శరాములు ఒక ముక్కను నిలువుకు లాగాడు. అడ్డానికి లాగాడు. తరువాత ఒక మూల ఆమె చేతికిచ్చి, ఎదురు మూల తాను పట్టుకున్నాడు.

"గట్టిగ లాగు. ఏ గుడ్డ గుణమైనా ఏటవాలుకు లాగితేనే బయట పడతది."

ఆమె లాగింది. గుడ్డ సాగలేదు. అతనే అడుగు ముందుకు సాగాడు.

"గుడ్డ మంచిదే," అంది వందన. "టైలర్‌కే బలం లేదు."

మూడింటిలో బిరుసైన గుడ్డ తీసుకోమన్నాడు అతను. పదేళ్లు ఉంటుందన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. బిరుసు గుడ్డను మడిస్తే విరుగుతుంది, పందేలకు అది బాగుంటుంది, రోజూ పదిమంది పిల్లలు చుట్టి విప్పి తొక్కేదానికి కాస్త మెత్తనిదే కావాలంది. తన సరుకు ఎవరి చేతుల్లోకి పోతుందో ఇన్నేళ్లలో పర్శరాములు ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆ పిల్ల ఆలోచిస్తోంది. అతను మారు మాట్లాడకుండా రెండో ముక్క పక్కన పెట్టాడు.

"నీ పేరు మా తాత పేరు తెలుసా?" అంది వెళ్తూ వెళ్తూ.

"తాత మంచోడేనా?"

"మస్తు మంచోడు. ఎవ్వరి మాట ఇనకపోతుండె."

*

గుడ్డ వచ్చేలోపల వందన పాత పేపర్లు అతికించి, నర్మద మేడం పంపిన కొలతలతో తెరచాప నమూనా గీసింది. దుకాణం నేలంతా పరుచుకుంది ఆ కాగితం. దాన్ని ఇచ్చి, పిల్లల క్లాసుందని వెళ్లిపోయింది.

పర్శరాములు మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. అడుగు అంచు బాగుంది. వెనక అంచు బాగుంది. స్తంభానికి కట్టే ముందు అంచు మాత్రం వంకరగా ఉంది. మధ్యలో నాలుగు వేళ్లు బయటికి ఉబ్బింది.

అతను నవ్వుకున్నాడు. పడవ స్తంభం తిన్నటి పైపు. పైపుకు కట్టే గుడ్డ అంచు వంకరగా ఎందుకుంటుంది? పాపం, పేపర్ల మీద వంగి వంగి గీసి చెయ్యి జారి ఉంటుంది.

షామియానా కుట్టులో ఒకటే ధర్మం. గుడ్డ డోలు మీద తోలులా బిగువుగా ఉండాలి. ఎక్కడ వదులుంటే అక్కడ వాన నీళ్లు నిలుస్తాయి, నిలిచిన నీళ్లు వడ్డించిన విస్తళ్ల మీద పడతాయి, కుట్టినవాడి పేరు పోతుంది. పదిహేనేళ్లుగా తండ్రి తల మీద మొట్టి నేర్పింది ఆ ఒక్కటే.

బద్ద పెట్టి గీతను తిన్నగా గీశాడు. ఆమెకు చెప్పలేదు. చెబితే చిన్నబోతుందనుకున్నాడు.

ప్రేమలో ఉన్నవాడు చేసే నష్టం పగవాడు కూడా చేయలేడు. పగవాడు చెప్పి చేస్తాడు.

*

మేడం వచ్చే ఆదివారానికి మూడు రోజుల ముందు, గురువారం పొద్దున మానేరు డ్యాం మీద మబ్బు పట్టింది. గాలి బాగుంది. వందన కొత్త తెరచాపను స్తంభానికి ఎక్కించింది. అడ్డకర్రకు కట్టింది. ఇత్తడి రింగులు వరుసగా మెరిశాయి. ఒక్క ముడత లేదు. ఆమె కుట్లన్నీ చేత్తో తడిమి చూసింది.

"పర్శరాం, నీ చేతుల ఏదో ఉన్నది," అంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు.

ఆ ఒక్క మాటకు అతనికి జీవితమంతా షామియానాలు కుట్టొచ్చనిపించింది.

గాలి వెనక నుంచి వీచింది. పడవ చక్కగా పోయింది. పావు కిలోమీటరు పోయింది. ఒడ్డు మీద పదిమంది పిల్లలూ చప్పట్లు కొట్టారు.

తరువాత వెనక్కి తిరగాల్సి వచ్చింది. వందన తాడు లాగింది, వదిలింది, మళ్లీ లాగింది. పడవ పక్కకు ఒరిగిందే గాని ముందుకు రాలేదు. గాలి ఎటు తోస్తే అటు జారింది. అరగంట చూశాక మోటారు పడవ నడిపే జియావుల్లా పోయి, తాడు కట్టి లాక్కొచ్చాడు.

"మస్తు కుట్టినవ్ భాయ్," అన్నాడు పర్శరాములుతో. "పోవుడైతే పోతది. వచ్చుడు మాత్రం నా జిమ్మేదారి."

వందన పడవ దిగలేదు. తెరచాప ముందు అంచును పై నుంచి కిందికి చూసింది. చేత్తో కొలిచింది.

"నా గీత ఏడవాయె?"

"ఏ గీత?"

"గీడ బయటికి వంగి ఉండాలె. నాలుగు వేళ్లు."

"వంకరున్నదని... సాఫు చేసిన."

"ఎవ్వరినడిగి?"

"చెయ్యి జారిందేమో అనుకున్న."

"నా చెయ్యి జారలే. గా వంపుతోనే గుడ్డకు పొట్ట వస్తది. పొట్ట ఉంటేనే సెయిల్ గాలి పట్టుకుంటది, గాలికి ఎదురు పోతది. గిది సెయిల్ కాదు, తలుపు చెక్క. రెండు దినాలు కూసోని గీసిన నేను. నాకు ఒక్క ఫోన్ కొడితే నీ సొమ్మేం పోతుండె?"

"నువ్వు చిన్నబోతవని..."

"గిప్పుడు చిన్నబోలేదా?"

పిల్లలందరూ వింటున్నారు. ఆమె అడ్డకర్ర విప్పి, తెరచాప చుట్టి అతని చేతుల్లో పెట్టింది.

"మస్తు సాఫు చేసినవ్, అన్నా," అంది.

ఇన్నాళ్లుగా పేరుతో పిలిచిన పిల్ల. తిట్టినా ఇంత తగిలేది కాదు.

*

ఇంటికి వచ్చి తండ్రికి చెప్పాడు. లచ్చయ్య ఓదార్చే మనిషి కాదు.

"గా పిల్ల గీసిన గీతను దిద్దనీకె నువ్వెవనివిరా?"

"తప్పైంది బాపు."

"తప్పు కాదు. పొగరు. నీకు తెల్వనిదంతా వంకరే అనుకున్నవ్. నేను నేర్పిందే గంత, నిన్నని లాభం లేదు."

"మళ్ల కుడదామంటే గుడ్డ లేదు. వంపు కాడ కోసిన ముక్కలు ఉత్త పీలికలు. చెన్నై నుంచి ఆదివారం లోపల రాదు."

బయట వాన మొదలైంది. రేకుల మీద చప్పుడు. లచ్చయ్య తెరచాపను నేల మీద పరిచి చాలాసేపు చూశాడు. ఏడు పట్టీలు, ఆరు అతుకులు. గచ్చుకు అంటుకుపోయినట్టు చదునుగా ఉంది.

"మీ అవ్వ జాకెట్లు కుట్టేది," అన్నాడు ఉన్నట్టుండి.

పర్శరాములు ఉలిక్కిపడ్డాడు. తల్లి యాదవ్వ పోయి ఆరేళ్లు. ఆ ఇంట్లో ఆమె మాట తండ్రి నోట రాలేదు.

"గుడ్డ కోసి పరిస్తే చదునుగనే ఉండేది. తొడిగితే మనిషిని పట్టేది. ఎట్ల?"

"డాట్లు పెట్టేది."

"ఆఁ. మనం పందిళ్లోళ్లం, డాట్లు ఆడోళ్ల పని అని ఎన్నడు కూసోని చూడలే." లచ్చయ్య వేలితో ఒక అతుకు మీద గీశాడు. "గీ ఆరు అతుకులు అంచు కాడ విప్పు. అంచుల జర ఎక్కువ లోపలికి మలిచి కుట్టు. లోపలికి పోంగ పోంగ తగ్గించి సున్న చెయ్. అంచు బిగుసుకుంటది, నడుమ ఉబ్బుతది. కొత్త గుడ్డ అక్కర్లే."

పర్శరాములు తండ్రి ముఖం చూశాడు. అది ఎప్పటిలాగే ఉంది. గొంతే మారింది.

"పందిళ్ల పని లేక మిషన్లు ఆగిపోయిన ఏండ్లల్ల గా జాకెట్లే మనకు బువ్వ పెట్టినయి. మంచిగ చేసినవే అని ఒక్కనాడు అనలే. మనోళ్లకు గివన్ని చెప్తరా అనుకున్న. మనోళ్లకే చెప్పాలెరా. బయటోళ్లకు చెప్పకున్నా నడుస్తది." లేచి గొడుగు అతని మీదికి విసిరాడు. "ఎంత మలవాలెనో నాకు తెల్వది. గా పిల్లకు తెలుస్తది. అడుగు. ఈసారన్న అడుగు."

*

డ్యాం ఒడ్డున పడవల షెడ్డులో వందన లైఫ్ జాకెట్లు లెక్కపెట్టి మూట కడుతోంది. అతన్ని చూసి ఆపలేదు.

"ఏం కావాలె అన్నా?"

"ఒకటి అడగనీకె వచ్చిన."

"అడుగుడు గూడ తెలుసా నీకు?"

"గిప్పుడే నేర్చుకున్న." తడిసిన తెరచాపను నేల మీద పరిచాడు. మోకాళ్ల మీద కూర్చుని డాట్ల సంగతి చెప్పాడు. తన ఉపాయం కాదని, బాపుదని చెప్పాడు. బాపుది కూడా కాదని, అవ్వదని చెప్పాడు. "ఎంత మలవాలె? నువ్వు ఎంతంటే గంతే. దారమంత ఎక్కువ గూడ కుట్ట."

వందన ఒక్కో అతుకునూ వేలితో తడిమి చూసింది. తరువాత నర్మద మేడానికి ఫోన్ చేసింది. అవతల నుంచి మేడం గట్టిగా మాట్లాడడం అతనికీ వినిపించింది. "చిటికెన వేలంత చాలు. లోపలికి రెండడుగులు పోయేసరికి ఏమీ ఉండకూడదు. ఎవరు చెప్పారు మీకిది? తెరచాపలు కుట్టేవాళ్లు ఏళ్లు పనిచేస్తే గాని నేర్చుకోరు."

"జాకెట్లు కుట్టే ఆమె, మేడం," అంది వందన.

మర్నాడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇద్దరూ అతుకులు విప్పి కుట్టారు. ఆమె సుద్దతో గీసింది. ఒక్కో గీతకూ అతను ఆగి ఆమె ముఖం చూశాడు. ఆమె తలూపితేనే కుట్టాడు. నాలుగో అతుకు దగ్గర ఆమె విసుక్కుంది.

"ప్రతి దానికి నన్నేం చూస్తవ్? గీత చూడు."

"గీత చూసుడైపోయింది."

ఆమె సుద్దముక్క విసిరింది. అది అతని చెవికి తగిలింది. అయిదో అతుకు కొంచెం వంకరపోయి, విప్పి మళ్లీ కుట్టాల్సి వచ్చింది.

ఆరో అతుకు అయ్యాక దారం తెంపి, అతను తల వంచుకుని అన్నాడు.

"థాంక్స్, వందనా."

"ఎందుకు?"

"చానా ఉన్నయి. అందరి ముంగట తిట్టినవ్. మళ్ల వస్తే తలుపు మూయలే. మా బాపు ఆరేండ్లకు మా అవ్వ పేరు తీసిండు, నీ సెయిల్ పుణ్యాన. గివి చెప్పకుంటే నేను గూడ మా బాపు లెక్కనే అయిత."

వందన సూది డబ్బా మూత పెడుతూ తీస్తూ ఉండిపోయింది.

"నేనింకా మాఫ్ చేయలే," అంది చివరికి.

"తెలుసు."

"ఆదివారం నడిస్తే ఆలోచిస్త."

*

ఆదివారం గాలి ఎక్కువగా ఉంది. నర్మద మేడం పొట్టి జుట్టు, పెద్ద గొంతు మనిషి. తెరచాప చూడగానే అడిగింది.

"ముందు అంచు మూడంగుళాలు పొట్టిగా ఉందేం?"

"ఈయన తప్పు మేడం," అంది వందన, పర్శరాములును చూపించి. "దిద్దింది గూడ ఈయనే."

"గాలి గట్టిగా ఉంది. ఒక్కదానివే పోకు, అవతలి పక్క బరువు కావాలి. ఈయన్నే కూర్చోబెట్టుకో. తాను కుట్టిందాని మీద నమ్మకముంటే ఎక్కుతాడు."

పర్శరాములుకు ఈత రాదు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. లైఫ్ జాకెట్ తొడుక్కుని ఎక్కాడు.

"తల వంచు అంటే వంచాలె," అంది వందన. "అడ్డకర్ర ఇటు నుంచి అటు తిరుగుతది. ఎందుకు, ఏందని అడగొద్దు."

"ఇంక జీవితంల అడగ... కాదు, అడుగుత. అన్ని అడుగుత."

"తల!"

వంచాడు. కర్ర వెంట్రుక వాసిలో పోయింది. గాలికి ఎదురుగా ఆమె పడవను ఏటవాలుగా తిప్పింది. తెరచాప ఒక్కసారి టపటపా కొట్టుకుని నిండింది. నడుమ ఉబ్బింది, ముందు అంచు బిగిసింది. పడవ కింద నీళ్లు గలగలమన్నాయి. ఒడ్డు ఎటు పోతోందో పర్శరాములుకు ముందు అర్థం కాలేదు. తరువాత అయింది. ఒడ్డు దగ్గరికి వస్తోంది. గాలి ఎదురుగా కొడుతుంటే పడవ ఇంటికి వస్తోంది.

వందన నవ్వింది. నీళ్లు ముఖాన పడుతుంటే తుడుచుకోకుండా నవ్వింది. అతను జన్మలో అంత భయపడలేదు, అంత సంతోషపడలేదు.

"ఉంటున్న," అని అరిచింది గాలిలో.

"ఎక్కడ?"

"కరీంనగర్‌ల! ఇంకెక్కడ?"

"సెయిల్ నడిచిందనా?"

"సెయిల్‌కైతే టైలర్ చాలు. ఉండనీకె మనిషి కావాలె." అని, అతను నోరు తెరిచేలోపల, "తల!" అంది.

ఈసారి అతను వంచలేదు. కర్ర నుదుటికి తగిలింది. పెద్ద దెబ్బ కాదు.

"తల వంచుమన్న కదా!"

"తల వంచితే నువ్వు కనబడవు."

"నీకు పిచ్చా?"

"అవ్. నిన్ను చేసుకోవాలని ఉన్నది. దిద్దకుండ, సాఫు చేయకుండ, ఎట్లున్నవో అట్ల. ఇష్టమేనా? అడుగుతున్న చూడు."

వందన చుక్కాని వదలకుండానే ఒక చేత్తో అతని నుదురు రుద్దింది. "మాఫ్ చేసిన," అంది. "మొదలు దానికి. రెండో దానికి... ఇష్టమే."

*

ఒడ్డున నర్మద మేడం పిల్లల పేర్లు రాసుకుంటోంది. పడవ ఇక్కడే ఉంటుందని, వచ్చే ఏడు ఇంకొకటి పంపుతానని ఆమె అన్న మాట జియావుల్లా అప్పటికే నలుగురికి చెప్పాడు.

లచ్చయ్య షెడ్డు నీడలో నిలబడి ఉన్నాడు. ఎవరూ రమ్మనలేదు, వచ్చాడు. కొడుకు నుదుటి మీద బొప్పిని చూశాడు. పిల్ల ముఖం చూశాడు. అడగాల్సింది ఏమీ మిగల్లేదు.

వందన దగ్గరికి వచ్చి చేతులు జోడించింది. "కాకా, మీరు చెప్పకుంటే గీ పడవ..."

"కాకా అనకు," అన్నాడు లచ్చయ్య. "మామా అను. మీ బాపు నంబర్ చెప్పు."

ఆమె ముఖం ఎర్రబడింది. నంబరు మాత్రం తడబడకుండా చెప్పింది. లచ్చయ్య తన చిన్న ఫోన్లో ఒక్కో అంకె నొక్కాడు. అవతల ఎత్తారు.

"కరీంనగర్ నుంచి లచ్చయ్యను మాట్లాడుతున్న. టైలర్‌ను."

"చెప్పు భావూ," అంది అన్నను భావూ అని పిలిచే ఆదిలాబాద్ గొంతు, కాస్త బెదురుగా. "మా వందన ఏమన్న చేసిందా?"

"మంచే చేసింది. మంచిగ పెంచినవ్ బిడ్డను. ముందు గది చెప్పనీకె చేసిన." అంత పొడుగు మెప్పు అతని నోటికి అలవాటు లేదు. "మాట ఇంటదా?"

"ఇనదు భావూ. అబద్ధమెందుకు, చిన్నప్పటి సంది ఇనలే."

"మా వానికి గిప్పుడే ఇనుడు అలవాటైతున్నది. ఎప్పుడొస్తరు?"

అవతల టీవీ చప్పుడు ఆగిపోయింది. ఎవరో ఆడమనిషి ఏమైందని అడిగింది. గుసగుసలు. తరువాత మళ్లీ అదే గొంతు, ఈసారి బెదురు లేకుండా.

"ఆషాఢం పోనీ భావూ."

లచ్చయ్య నీళ్ల వైపు చూశాడు. పడవ ముక్కు పట్టుకుని ఇద్దరూ ఒడ్డుకు లాగుతున్నారు. ఏ తాడు ముందు విప్పాలన్న దాని మీద గట్టిగా కొట్లాడుకుంటున్నారు.

"పోనీ," అన్నాడు. "పోయిన తెల్లారే రాండ్రి."